అక్కకు చేసిన కాలు

కాలు పోయినవాళ్లకు కాళ్లు చేసి పెట్టడం ఆయన పని. అందుకే అందరూ కాళ్లాయన అనేవారు. సందు వైపు కిటికీలున్న పొడవాటి గది. బల్లల మీద సుద్దపొడి. గోడకు కొక్కేల నిండా ఇనుప మోకాళ్లు.

లోకమంతా ఎవరో ఒకరి కాళ్లు పట్టుకునే బతుకుతుందని, తను మాత్రం పట్టపగలు అందరి ముందూ పట్టుకుంటానని నవ్వేవాడు.

కొత్త కాలు తొడిగాక ఎవరినీ చేయిపట్టి నడిపించేవాడు కాదు. పక్కన కమ్మీలున్నాయి, పడితే పట్టుకోమనేవాడు. పడకుండా నడక రాదనేవాడు.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది అక్క. బట్టలు కుట్టి పెంచింది. జబ్బు చేసి ఆమె కాలు తొడ దగ్గర తీసేశారు. ఆ కాలి పని ఆయన ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. తొడిగిన రోజున అక్క తూలకుండా నిలబడింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

మిషను ముందు మాత్రం కూర్చోలేకపోయింది. మోకాలు వంగక కాలు కర్రలా చాచుకునే ఉండేది. కుర్చీ పక్కకు తిప్పుకుని కుట్టింది. కుట్లు వంకర పోయాయి. బట్టలిచ్చేవాళ్లు మర్యాదగానే తగ్గిపోయారు.

ఒకరోజు ఆమె కార్ఖానాకు వచ్చింది. కాలు విప్పి బల్ల మీద పెట్టింది.

"అందరికీ ఇంతే బిగిస్తావా?"

"లేదక్కా."

"మరి నాకెందుకురా?"

ఆయన మోకాలి దగ్గర తను బిగించిన మరను వేలితో తడిమాడు.

"పడతాననా?"

"ఊఁ."

"నువ్వు నడక నేర్చేటప్పుడు నీ వెనకాల నేను పరిగెత్తలేదు. మిషను దగ్గరే కూర్చున్నాను. మూతి పగిలితే కొంగుతో తుడిచాను."

ఆయనకు పని నేర్పిన ముసలాయన ఒక మాట చెబుతుండేవాడు. గ్రీకులో కాంపే అంటే వంపు. అది లాటిన్‌లోకి గాంబాగా వెళ్లి గుర్రం కాలి కీలుకు పేరయింది. తర్వాత ఇటలీ వాళ్లు మనిషి కాలు మొత్తాన్నీ గాంబా అన్నారు, ఫ్రాన్సు వాళ్లు జాంబ్ అన్నారు. ముందు వంపు, తర్వాతే కాలు అనేవాడు ముసలాయన. ఎన్నో కాళ్లు చేసిన తను అక్క దగ్గరికి వచ్చేసరికి వంపు లేని కాలు చేశాడు.

మర వదులు చేశాడు.

కమ్మీల మధ్య రెండో అడుగుకే మోకాలు మడుచుకుపోయి అక్క కూలబడింది. ఆయన చేతులు ముందుకు వెళ్లాయి. ఆమె చూసింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆమె కమ్మీ పట్టుకుని లేచింది. మళ్లీ పడింది. మళ్లీ లేచింది. మోచెయ్యి గీరుకుంది. ఆయన గోడకు ఆనుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడే ఉన్నాడు.

కొన్నాళ్లకు అక్క మిషను ముందు కుర్చీ తిన్నగా వేసుకుంది. కూర్చుని, మోకాలు మడిచి, రెండు పాదాలూ తొక్కుడు పలక మీద ఆనించింది. చక్రం తిరిగింది. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

ఆమె తలెత్తలేదు.

"తప్పుకోరా. వెలుతురుకు అడ్డం వస్తున్నావు."