నా వేళ్ళు వంచిన ఆటలు

మొన్న మా అమ్మాయి కొత్త వీడియో గేమ్ పెట్టె తెచ్చుకుని, అట్టపెట్టె విప్పి, లోపలి కవరు చింపగానే గదంతా ఒక వాసన పరుచుకుంది. కొత్త ప్లాస్టిక్కూ, కొత్త రబ్బరూ, వాటి అడుగున ఎక్కడో కాస్త వేడెక్కిన వైరూ కలిసిన వాసన. "అమ్మా, నీ ఆల్ టైమ్ ఫేవరెట్ గేమ్స్ ఏంటి?" అని అది ఊరికే అడిగింది. జవాబు కోసం ఆగనైనా ఆగకుండా టీవీ వెనక దూరి వైర్లు పెట్టుకుంటోంది. ఆగకపోతే పోయింది, నేను మాత్రం చెప్పి తీరతాను. బొమ్మలు బాగున్నాయనో, సంగీతం బాగుందనో ఇష్టపడ్డ ఆటలు కావు నావి. నా కుడిచేతిని నాకు తిరిగి ఇప్పించిన ఆటలు.

మాది పాలకొల్లు దగ్గర కాలవ గట్టునున్న ఊరు. నాన్నది కొబ్బరికాయల వ్యాపారం. ఇంటి ముందు కాయల గుట్ట, వెనక పీచు గుట్ట, వానాకాలం వచ్చిందంటే ఆ పీచు నాని వచ్చే మగ్గిన వాసన, దాని మీద ముసిరే దోమలు, దోమలకి అమ్మ వేసే పొగ, ఇవన్నీ కలిసి మా ఇల్లు. నేను ఏడో క్లాసులో ఉండగా, వానలు ముదిరిన రోజుల్లో, బడి నుంచి సైకిల్ మీద వస్తుంటే గట్టు మీది బురదలో చక్రం జారి, కుడిచెయ్యి కింద పెట్టుకుని పడ్డాను. మోచేతి కింద ఎముక పటుక్కుమన్న చప్పుడు నాకే వినిపించింది.

ఆస్పత్రికి తీసుకెళ్ళాలని అమ్మ. అక్కర్లేదని నాన్న. నాన్న ధైర్యానికి కారణం మా గేదె. అంతకుముందు ఏడాది అది కాలవలోకి దిగబోయి కాలు విరగ్గొట్టుకుంటే, పక్క ఊళ్ళో కట్లు కట్టే వీర్రాజుగారు వచ్చి కట్టు కట్టారు, చలికాలం వచ్చేసరికి అది లేచి నిక్షేపంలా గడ్డి మేసింది. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. "గేదెనే లేపినోణ్ణండి, చిన్నపిల్ల చెయ్యెంతండి, ఆయ్!" అన్నారు వీర్రాజుగారు. వెదురు బద్దలు పెట్టి, మినప్పిండీ గుడ్డుసొనా కలిపి పట్టించి, పాత పంచె చింపిన పేలికలతో గేదె కాలికి బిగించినట్టే నా చేతికీ బిగించారు. రెండోరోజుకి వేళ్ళు ఉబ్బి నీలంగా తిరిగాయి. చూడవచ్చిన ప్రతివాళ్ళూ దిష్టి అన్నారు. అమ్మ పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు తీసి వీధిలో పారబోసింది గానీ, కట్టు వదులు చెయ్యాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ కట్టుతోనే దసరా వెళ్ళింది. అట్లతద్దికి పిల్లలందరూ తెల్లారకుండానే లేచి, చద్దన్నంలో గోంగూర పచ్చడీ ఉల్లిపాయ పులుసూ వేసుకు తిని, ఎర్రగా పండిన చేతులతో ఉయ్యాలలూగుతుంటే, నేను ఎడంచేతికి మాత్రమే గోరింటాకు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. దీపావళికి ముందు కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది. వేళ్ళు మాత్రం ఎండిన చిక్కుడుకాయల్లా బిగుసుకుపోయి, ముడవమంటే ముడవవు, చాపమంటే చాపవు. అప్పుడు తీసుకెళ్ళారు రాజమండ్రి. డాక్టరుగారు ఒక్కో వేలూ పట్టుకుని వంచి చూసి, నరం బతికే ఉందనీ, బిగుసుకున్న కండరాన్ని రోజూ కదిలిస్తే వస్తుందనీ, ఏడాదిలోగా రాకపోతే ఇక రాదనీ చెప్పారు. నాన్న తల దించుకుని వింటున్నాడు. ఆస్పత్రి మెట్ల మీద అమ్మ ఆయనకేసి తిరిగి, "గేదెకి కట్టించినట్టు కట్టించారు కదండీ నా పిల్లకి!" అంది. ఆ ఒక్కసారే అంది, మళ్ళీ జన్మలో ఆ మాట ఎత్తలేదు. అయినా ఆ ఒక్కమాటకే నాన్న సగమైపోయాడు.

పిసకమని డాక్టరుగారు మెత్తటి రబ్బరు బంతి ఇచ్చారు. దాన్ని పిసికితే ప్రాణం పోయేది, పైగా ఏం లాభమో కనిపించేది కాదు. నాలుగు రోజులు ఏడ్చి, ఐదోనాడు దాన్ని కాలవలోకి విసిరేశాను, అదీ ఎడంచేత్తోనే. బళ్ళో ఎడంచేత్తో రాసిన నా అక్షరాలు చూసి నాకే అసహ్యం వేసేది. అన్నిటికంటే కడుపు రగిలిపోయేది మాత్రం అన్నం దగ్గర. పన్నెండేళ్ళ పిల్లని పీట మీద కూర్చోబెట్టి అమ్మ కలిపి ముద్దలు పెట్టేది. చలికాలంలో ఇంటినిండా కాల్చిన తేగల వాసన వేస్తుంటే, పిల్లలందరూ తలా ఒకటి చీల్చుకుని, నడిమధ్యనుండే మెత్తటి చందమామ కోసం పోట్లాడుకుంటుంటే, నా తేగ ఎవరో ఒకరు చీల్చి ఇవ్వాలి. "పాపం, కుడిచెయ్యండి, అందులోనూ ఆడపిల్ల," అని పక్కింటి రత్నంగారు ఒకసారి నా ఎదురుగానే అంటే, ఆవిడ చేతిలోని తేగ లాక్కుని నేలకేసి కొట్టాను. నా చెయ్యి నాకు కావాలి. ఎలా వస్తుందో తెలియదు గానీ కావాలి. ఆ పట్టుదల ఒక్కటే నా దగ్గర మిగిలింది.

రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ ఇంట్లో దిగేవాళ్ళం. సంక్రాంతి వెళ్ళాక ఒకసారి అలాగే వెళ్తే, పెద్దమ్మ కొడుకు వాసు టీవీకి ఏదో పెట్టె తగిలించి ఆడుతున్నాడు. తెరమీద బుడ్డోడొకడు పరిగెడుతూ గోతులు దూకుతున్నాడు. వాసు నీళ్ళు తాగడానికి లేచి చేతిలోని బటన్ల ముక్క నా ఒళ్ళో పడేశాడు. బుడ్డోడు గోతి అంచుకి వచ్చేశాడు. అయ్యయ్యో పడిపోతున్నాడని కంగారులో నొక్కేశాను. కుడి బొటనవేలు. ఏ బంతికీ, ఏ బతిమాలుడికీ లొంగని వేలు బటన్ మీద టక్కున పడింది, బుడ్డోడు గొయ్యి దాటాడు. నేను చూసుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ నాన్న చూశాడు. వాసు వచ్చి "ఇలా ఇవ్వవే" అంటే, "ఉండనీరా, ఉండనీ!" అని నాన్న అరిచిన అరుపుకి పెద్దమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

ఆ సాయంత్రమే నాన్న బజారుకెళ్ళి అలాంటి పెట్టె కొనుక్కొచ్చి, బస్సులో పాలకొల్లు దాకా చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పసుప్పచ్చ క్యాసెట్ మీద లక్షల ఆటలున్నాయని రాసుంది, తీరా పెట్టి చూస్తే ఓ డజను ఆటలే పేర్లు మార్చుకుని తిరుగుతున్నాయి. ఆ ఇంగ్లీషు పేర్లు మాకెక్కలేదు. బుడ్డోడు గోతులు దాటేది దూకుడాట, పిట్టని కాపాడేది ట్యాంకులాట, తుపాకీతో కొట్టేది బాతులాట. ఇప్పటికీ నాకవే పేర్లు.

దూకుడాటలో ఒక బటన్ నొక్కిపట్టుకుంటే పరుగు, పట్టు వదలకుండానే అదే బొటనవేలు పక్కకి వాలిస్తే దూకుడు. నా వేలు వాలదు. వాలకపోతే గోతిలో పడతాడు. పడితే మళ్ళీ నొక్కు. వీధిలో పిల్లలందరికీ ఆట ఆడితే తన్నులు, మా ఇంట్లో ఆడకపోతే తన్నులు. హోంవర్కు తీస్తే అమ్మ పుస్తకం మూసేసి, "ముందు ఆడి చావు, తరవాత చదువుదువు గాని!" అనేది. వేళ్ళు లాగేసి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా వదిలేది కాదు, కొబ్బరినూనె కాచి రాసి మళ్ళీ కూర్చోబెట్టేది. రత్నంగారు ఉండబట్టలేక, "ఏంటండీ మంగతాయారుగారూ, పిల్లని చదువుకోమనాల్సింది పోయి?" అని అడిగితే, "చదవడానికి కళ్ళు చాలండి. రాయడానికి చెయ్యి కావాలి," అని తలుపేసుకుంది.

ట్యాంకులాట ఇద్దరాడేది. వాసు ఉండేది రాజమండ్రిలో, వీధి పిల్లలు నా నెమ్మదికి విసుక్కుంటారు. అందుకని అమ్మే కొంగు బిగించి నా పక్కన కూర్చుంది. అడుగున ఇటుకగోడ మధ్య ఒక పిట్ట ఉంటుంది, శత్రువుల ట్యాంకులు దాన్ని కాల్చకుండా మేమిద్దరం కాపలా కాయాలి. అమ్మ ట్యాంకు ఎటు తిప్పినా తిరిగేది కాదు, తిరిగిన చోటల్లా గుళ్ళు కురిపించేది. మొదటిరోజే మన గోడ తనే కూల్చేసి, మన పిట్టని తనే చంపేసి, "ఎవడే వాడు, ఎటునుంచొచ్చాడే!" అని తెర మీదికి వేలు చూపించింది. నాకు నవ్వాగలేదు. కట్టు కట్టిన దగ్గర్నుంచీ అంతగా నవ్వలేదు. కావాలనే ఓడిపోతోందేమోనని నాకు అనుమానం వచ్చింది గానీ, కాదు, మా అమ్మకి ఓడిపోవడం చేతకాదు. వంట చేస్తూ కూడా "ఆ మూలనుంచి వచ్చేవాణ్ణి నువ్వు చూస్కో" అని నాకు వంటింట్లోంచి పని అప్పజెప్పేది. మాఘమాసం వెళ్ళేసరికి మా పిట్ట జోలికి ఎవరూ రాలేకపోయారు.

అప్పట్లో కరెంటు ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. ఎంత దూరం వెళ్ళినా పుటుక్కున పోయేది, వచ్చాక మళ్ళీ మొదటి మెట్టు నుంచీ మొదలు. ఆ పెట్టెకి జ్ఞాపకం లేదు. ఒకసారి దూకుడాటలో చివరి కోట దాకా వెళ్ళాక పోతే, ఆ బటన్ల ముక్క నేలకేసి కొట్టబోయాను. కొట్టబోతూ చూసుకుంటే, కుడిచేత్తోనే పైకెత్తి ఉన్నాను, వేళ్ళు దాన్ని పట్టుకుని ఉన్నాయి. నెమ్మదిగా కింద పెట్టి, అమ్మకి చెప్పకుండా చాలాసేపు ఆ వేళ్ళకేసే చూస్తూ కూర్చున్నాను. కరెంటు లేని వేళలకి నాన్న బ్యాటరీలతో నడిచే ఇటుకలాట తెచ్చాడు, అరచేతిలో పట్టేది, పైనుంచి ఇటుకలు పడుతుంటే తిప్పి పేర్చడం. అందులో అమ్మని కొట్టేవాళ్ళు లేరు. ఏళ్ళ తరబడి గూట్లో పిడకలు పేర్చిన మనిషి, ఎక్కడ ఖాళీ ఉందో ఇటుక రాకముందే చెప్పేది.

మొండిది చూపుడువేలు. అన్నీ కదిలాక కూడా అది కొయ్యలా నిలబడే ఉంది. దాని కోసమే నాన్న బాతులాట తుపాకీ తెచ్చాడు. తెరమీద బాతులు ఎగురుతుంటే గురిపెట్టి కొట్టాలి, చూపుడువేలితో లాగే గొళ్ళెం మాత్రం ఉడుంపట్టు. మా వైపు కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు తోలుకొస్తారు. "చూసి కొట్టమ్మా, బాతులోళ్ళు గొడవకొస్తే నా వల్ల కాదు," అనేవాడు నాన్న, గుమ్మం దగ్గరే నిలబడి. ఎంత పిలిచినా లోపలికి వచ్చి కూర్చునేవాడు కాదు, ఒక్క ఆట ఆడేవాడు కాదు. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, పళ్ళు బిగబట్టి, రెండో చెయ్యి సాయం పెట్టకుండా లాగాను. బాతు పడింది. తిరిగి చూస్తే గుమ్మంలో నాన్న లేడు, పెరట్లో పీచుగుట్ట చాటుకి వెళ్ళిపోయాడు.

ఆ వేసవిలో ఆవకాయ పెట్టారు. కాయ కొట్టించి, జీడి తీసి తుడిచి, ఆవపిండీ కారం ఉప్పూ నూనే కలిపి జాడీకి ఎత్తాక, బేసిన్‌కి అంటుకున్న గుజ్జులో వేడన్నం వేసి కలిపి ఇంటిల్లిపాదికీ ముద్దలు పెట్టడం అమ్మ పని. ఆ రోజు అమ్మ పొగలొచ్చే అన్నం బేసిన్‌లో కుమ్మరించి, చేతులు కడిగేసుకుని, వెనక్కి జరిగింది.

"కలుపు," అంది నాతో.

"వద్దే మంగా, మంటెక్కుద్ది. పిల్ల తట్టుకోలేదు," అన్నాడు నాన్న.

"మీరూరుకోండి. కలపవే!"

కుడిచెయ్యి పెట్టాను. వేడీ, కారం, నూనే వేళ్ళ సందుల్లోకి పాకాయి, పాత కట్టు ఒరుసుకుపోయిన చోట నిప్పు పెట్టినట్టయింది. చెయ్యి తియ్యలేదు. మొదటి ముద్ద వేళ్ళలోంచి జారిపోయింది. రెండోది సగం నిలబడి విడిపోయింది. ఎవరూ సాయానికి రాలేదు. మూడోసారి బొటనవేలు వాల్చి, చూపుడువేలు వంచి, నాలుగు వేళ్ళూ దగ్గరకి లాగి నొక్కితే, వంకరటింకరగా ఒక ముద్ద నిలబడింది. నేను తినలేదు. లేచి వెళ్ళి నాన్న నోటికి అందించాను. ఆయన నములుతూ నములుతూ పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఈసారి కారం ఎక్కువైందే," అన్నాడు. "ఏటా అదే కారమండి," అంది అమ్మ.

ఆ పెట్టె మరుసటేడాది హైవోల్టేజికి కాలిపోయింది. ఆ క్యాసెట్లు బజారులో ఇప్పుడు అడిగితే నవ్వుతారు, వెదురు బద్దల కట్లు మా వైపు మానేశారు, నాన్న పోయి చాలా ఏళ్ళయింది. నా ఆటలన్నీ ఫోనులో దొరుకుతాయని మా అమ్మాయి దింపి ఇచ్చింది. ఆడి చూశాను. అద్దం మీద వేలు జారుతుంది తప్ప, తిరిగి నెట్టే బటన్ లేదు, మొండికేసే గొళ్ళెం లేదు, కరెంటు పోయినా ఎక్కడ ఆపామో అక్కడే ఉంటుంది. ఇవి నాకు చెయ్యి ఇచ్చి ఉండేవి కావు. ఆ పాత ఆటలు ఇచ్చిన చేత్తోనే రాజమండ్రిలో రోజూ కాలేజీ బోర్డు మీద లెక్కలు రాస్తున్నాను.

చిటికెన వేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. దానికి పనిపెట్టే ఆట ఒక్కటీ లేకపోయింది. ఇక రాదని డాక్టర్లు ఎప్పుడో తేల్చేశారు. కొబ్బరి వ్యాపారం ఒంటిచేత్తో నడుపుతున్న మా అమ్మ ఆ సంగతి ఒప్పుకోలేదు. కాయల లారీ పంపి, లెక్కలు కట్టుకుని, రోజూ ఫోన్ చేస్తుంది. అందరి అమ్మల్లా తిన్నావా అని అడగదు, "ముడిచావా?" అని అడుగుతుంది. ముడిచానమ్మా అంటాను. నిన్నటికంటే ఇవాళ ఒక వెంట్రుకవాసి ఎక్కువే ముడిచాను.