ఇరవై ఒకటిన్నర మిల్లీలీటర్లు

కెమిస్ట్రీ ల్యాబుల్లో ఒక పాడు అలవాటుంది. ప్రయోగం మొదలుపెట్టకముందే జవాబు అందరికీ తెలిసిపోయి ఉంటుంది. సీనియర్లు చెవిలో ఊదేస్తారు: "సోడా టైట్రేషనా? ఇరవై రాసెయ్." సోడా కలిపిన నీళ్లలో ఒక పసుపు రంగు చుక్క వేసి, బ్యూరెట్ అనే గీతల గాజుగొట్టం నుంచి చుక్క చుక్కగా యాసిడ్ వదలాలి. పసుపు రంగు గులాబీగా తిరిగిన చోట ఆపాలి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూసి రాయాలి. ఆ చూసి రాయడం ఒక్కటీ తప్ప మావాళ్లు అన్నీ చేస్తారు! అరకు దగ్గర డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరరుగా చేరిన రోజునుంచీ నోరు నొప్పెట్టేలా అరిచాను. "ఎంతొస్తే అంత రాయండే తల్లీ, తేడా వస్తే ఎందుకొచ్చిందో చూద్దాం" అని.

విన్నది ఒక్కతే. బొర్రా అవతల కొండమీది ఊరి గుంట, ఫైనలియర్ పిల్ల. వాళ్ల ఊరి బడికి వేసిన టీచర్లెవరూ నాలుగు నెలలు నిలవరు. ఆ బడిలో తనే పాఠం చెప్పాలని ఆ పిల్ల పట్టు. దానికి బీఎడ్ కావాలి, బీఎడ్‌కి డిగ్రీ కావాలి, డిగ్రీకి ఈ ఆఖరి ఏడాది ప్రాక్టికల్ గట్టెక్కాలి. ఇది పోతే ఏడాది పోయినట్టే.

డిస్టిల్డ్ వాటర్ అయిపోవచ్చిందని ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పానో! "సర్దుకోండి మేడం" అన్నారు. దేంతో సర్దుకోను, నా తలకాయతోనా? ఉన్న కాసిని నీళ్లతో ముందురోజు యాసిడ్ కలిపి ఇంటికెళ్లాను. పొద్దున వచ్చేసరికి క్యాన్ నిండుగా ఉంది. హమ్మయ్య, ఎవరో పుణ్యం కట్టుకున్నారనుకున్నాను. ఎక్కడివని అడగలేదు. ఆ తప్పు నాదే.

పరీక్ష మొదలైంది. పిల్లలు తమకిచ్చిన సోడాని ఆ క్యాన్‌లో నీళ్లతో ఫ్లాస్కు మీది గీత దాకా నింపారు. కాసేపటికి ఆ పిల్ల నా దగ్గరికొచ్చి ఫ్లాస్కు చూపించింది.

"మేడమ్, తెల్లగా మసకేసింది. ఇవి మా ఊట నీళ్లా?"

ల్యాబ్ అటెండర్ది కూడా వాళ్ల ఊరే, పెద్దాయన. పిలిచి అడిగితే మొహం వెలిగిపోయింది. "పెద్దసారొత్తన్నారు కదమ్మా, కుళాయి నీళ్లేటి పోత్తాం? తెల్లారగట్ల మా బండకింద ఊట నీళ్లు మోసుకొచ్చేను. సుట్టాలొత్తే మేం ఆ నీళ్లే ఇత్తాం."

ఆయన్ని ఏమనను? ఊళ్లో అన్నిటికన్నా మంచి నీళ్లు తెచ్చి పెట్టాడు. తాగితే కొబ్బరినీళ్లలా ఉంటాయవి. కానీ సున్నపురాయి కొండ లోపల్నుంచి వస్తాయి, ఆ రాయిని కరిగించుకుని మరీ వస్తాయి. సోడా తగలగానే ఆ సున్నం కరిగి ఉండలేక తెల్లపొడిగా విడిపోతుంది. పైగా ఆ నీళ్లే కొంత యాసిడ్‌ని మింగేస్తాయి, రంగు మారనివ్వవు. బఫర్ అంటే ఇదేనర్రా అని నేనే బోర్డు మీద గీసి చెప్పాను.

"ఆ నీళ్లల్లో రాజ్మా కూడా ఉడకదు మేడమ్. మేం తాగుతాం గానీ, వండడానికి గెడ్డలో పారే నీళ్లే" అంది ఆ పిల్ల, తనకి అర్థమైపోయినట్టు. వెళ్లి మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఇరవై ఒకటిన్నర. అదే రాసింది. పక్కన, నీళ్లలో సున్నం ఉన్నందువల్ల యాసిడ్ ఎక్కువ పట్టిందని కూడా రాసింది.

మిగతా అందరికీ అంతే వచ్చి ఉంటుంది. అందరూ ఇరవై రాశారు.

కొండ కిందనుంచి వచ్చిన ఎగ్జామినర్‌గారు పేపర్లు తిరగేస్తూ ఆ పిల్ల పేపరు దగ్గర ఆగాడు. "ఇదేంటమ్మా? క్లాసులో అందరికీ ఇరవై వస్తే నీకొక్కదానికీ ఇదెక్కణ్ణుంచి ఊడిపడింది? కొండమీద ఇలాగే నేర్పుతున్నారా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. క్యాన్‌లోంచి ఉత్త నీళ్లు, పిల్లలు టైట్రేషన్‌కి తీసుకున్నంతే, ఇరవై మిల్లీలీటర్లు తీశాను, సోడా చుక్క కూడా లేకుండా. ఆయన ఎదురుగానే రంగు వేసి యాసిడ్ వదిలాను. మంచి డిస్టిల్డ్ వాటరైతే చుక్కకో రెండు చుక్కలకో గులాబీ అయిపోవాలి. ఒకటిన్నర మిల్లీలీటరు దాకా పసుపు కదల్లేదు. "చూశారా సార్? ఈ గదిలో ఉన్నదున్నట్టు రాసింది ఈ పిల్ల ఒక్కతే. మార్కులు కోస్తే మిగతావాళ్లకి కొయ్యండి."

ఆయన చూశాడు. అర్థమైంది కూడా! అదీ నా కడుపుమంట. అర్థం కాకపోతే పోనీలే అనుకుందును. వాచీ చూసుకుని, "నిజమే మేడం. కానీ నా షీటులో ఆన్సర్ కీ ఇరవై. దాన్ని మార్చాలంటే పరీక్షంతా రద్దు చేసి రిపోర్టు రాయాలి. నాకు పాసింజరు రైలుకి టైమవుతోంది. ఇరవై రాసెయ్యమనండి, ఫుల్ మార్కులు వేసేస్తాను. లేదంటే ఫెయిలే" అన్నాడు.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "నేను సూసిందే రాసేను మేడమ్."

ఎంత సిగ్గులేనిదాన్ని! నాకు ఆ బడి గుర్తొచ్చింది, బీఎడ్ గుర్తొచ్చింది, పోయే ఏడాది గుర్తొచ్చింది. "నా మాట విను తల్లీ. కొట్టేసి రాసెయ్" అన్నాను. ఆయన చెప్తే వినేది కాదు. నేను చెప్పాను గనక కొట్టేసి రాసింది. పక్కన రాసిన కారణం మీద కూడా గీత పెట్టింది. ఆయన నా దగ్గర తీసుకున్న పెన్నుతో మార్కులేసి, దాన్ని నాకిచ్చి వెళ్లిపోయాడు.

ఇప్పుడు తలుచుకున్నా ఆయన మీద ఒళ్లు మండుతుంది, ఆ షీటు మీద, నీళ్లు తెప్పించని ఆఫీసు మీద. అందరికన్నా నా మీద.

మర్నాడు, ఇంకా మిగిలున్న రెండో పేపరు ప్రాక్టికల్ కోసం ఇంకో ప్రయోగానికి ప్రాక్టీసు పెట్టాను. టౌనులో కొన్న డిస్టిల్డ్ వాటర్ నేనే మోసుకొచ్చాను. ఆ పిల్ల బ్యూరెట్ ముందు నిలబడి ఉంది. ఫ్లాస్కులో రంగు తిరిగింది. దగ్గరికెళ్లి, "ఎంతొచ్చిందమ్మా?" అని అడిగాను.

బ్యూరెట్ వైపు చూడనే లేదు. పెన్ను మూత తీసి, కాగితం మీద పెట్టుకుని, నా మొహంలోకి చూసింది.

"ఎంత రాయమంటారు మేడమ్?"