బ్లేడ్లకు కొబ్బరినూనె

ఎండాకాలంలో జరిగే చక్రాల స్కేటింగ్ పోటీల్లో అప్పటికే నాకు జాతీయ స్థాయి పతకాలున్నాయి. తెల్లారకముందే బీచ్ రోడ్డు మీద పరుగు, నడకకు వచ్చే పెద్దమనుషుల సణుగుడు, మోకాళ్ళ మీద మానని గీతలు, అన్నీ అలవాటే. చలికాలంలో ఐస్ మీద కూడా స్కేటింగ్ చేస్తానంటే మాత్రం నాయనకు నచ్చలేదు. సముద్రం ఒడ్డున మా ఊళ్ళో, ముదలియార్‌పేటలో మాకు పాత్రల అంగడి ఉంది. ఆయనకు ఏ వస్తువైనా రోజూ పనికిరావాలి.

"ఐస్ యాడుండాది మనకి? వైతికుప్పంలో చేపల పెట్టెల్లో ఉండాది. దాని మీద ఆడతావా?" అన్నారు.

ఐస్ పోటీలకు రెండేళ్ళు వెళ్ళి రెండుసార్లూ ఉత్తచేతులతో తిరిగొచ్చాను. మూడోసారి బయలుదేరుతుంటే తేల్చి చెప్పేశారు.

"ఈసారి మెడల్ రాకపోతే ఐస్ మాట ఎత్తకూడదు పాపా. చక్రాలు ఉండాయి కదా, అవి చాలు."

నాకు చాలవు. చక్రాల కింద రోడ్డు గరగరలాడుతుంది. ఐస్ మీద నా ఊపిరి నాకే వినిపిస్తుంది. అది ఆయనకు ఎలా చెప్పాలో తెలియక రైలెక్కేశాను.

హిమాలయాల దగ్గరి ఆ ఊరికి రైలు బాగా ఆలస్యంగా చేరింది. మర్నాడు పోటీకి ముందు సంచీ విప్పితే, ఐస్ స్కేట్ల బ్లేడ్ల నిండా తెల్లగా ఏదో పేరుకుని ఉంది. వాసన చూస్తే కొబ్బరినూనె. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని మా ఇంట్లో కత్తిపీట నుంచి తాళంచెవి దాకా ప్రతి ఇనుప వస్తువుకూ నాయన కొబ్బరినూనె రాస్తారు. వద్దన్న ఆట బ్లేడ్లకు కూడా, నాతో ఒక్క మాట చెప్పకుండా, దండిగా రాసి గుడ్డ చుట్టి పెట్టారు. ఆ చలికి నూనె మైనంలా గట్టిపడింది.

కోపం నషాళానికి అంటింది. ఆయన మీద ప్రేమ కూడా అప్పుడే ముంచుకొచ్చింది. అదింకా చిరాకు. టీ బంకులో వేడినీళ్ళు అడిగి తెచ్చి, గోళ్ళతో గీకి కడిగాను. కొండప్రాంతపు అమ్మాయిలు ముసిముసిగా నవ్వుకున్నారు.

మొదటి మలుపులోనే ఎడమకాలు జారింది. నూనె ఇంకా ఎక్కడో మిగిలే ఉంది. నలుగురి వెనక పడ్డాను. చివరి చుట్టులో బాగా వంగి, లోపలి అంచు పట్టుకుని ఇద్దరి పక్కనుంచి దూరి ముందుకొచ్చాను. బీచ్ రోడ్డులో సైకిళ్ళనూ కుక్కలనూ తప్పించుకునే పద్ధతే అది. మూడో స్థానం వచ్చింది.

వెంటనే ఫోన్ చేశాను.

"మూడోదిగా వచ్చినా నాయినా. మెడల్ ఇస్తారంట."

అవతల గిన్నెల చప్పుడు. బేరం చూసుకుంటున్నారేమో, తర్వాత చేద్దామనుకున్నాను.

"మళ్ళా పోటీ ఎప్పుడు?" అన్నారు.

"వచ్చే ఏడాది, ఇదే నెల."

"సరే. అంగడి మూసేసి నేనూ వస్తా. ఆడ టికెట్టు పెడతారా, ఊరికే చూడొచ్చా?"

పండగనాడు కూడా అంగడి మూయని మనిషి.

"ఊరికే చూడొచ్చు నాయినా" అన్నాను.