కాయయ్యే పువ్వు

ఈ ఉదయం మా హాస్టల్ కుండీలో మిర్చి మొక్క పూసింది. తల వంచుకున్న ఆ తెల్ల పువ్వు మీలో ఎంతమందికి గుర్తుంది?

ఆరో తరగతిలో, పువ్వు తెచ్చి భాగాలు గీయమన్నారు. దంతాలపల్లిలో మాకు మిర్చి చేనే ఉంది. పువ్వు తెంపితే కాయ పోతుందని, నేను అవ్వ అని పిలిచే అమ్మ రాలినవి కొంగులో ఏరి తెచ్చింది. ఐదు రేకులు, నీలం కొనల కేసరాలు ఉన్నాయి.

"అవ్వా, నడిమిట్ల అండాశయం లేదు!" ఏడ్చాను.

"గదేంది?"

"పువ్వుల కాయయ్యేది."

"పిచ్చి బిడ్డా, గది చెట్టుకే ఉంటది. రేకులే రాలుతయ్."

బడికి వెళ్లని అమ్మ నన్ను చేనుకు తీసుకెళ్లింది. నిండు పువ్వొకటి తనే తెంపి నా చేతిలో పెట్టింది.

"గీ కాయ నీ సదువుకు. మంచిగ గియ్యి."