మా అత్త పట్టించుకొచ్చిన పిండి

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. చింతతోపు కాడ తెల్లచీర మనిషి కనిపించిందని ఊరంతా తలుపులు బిగించుకుంటే, తెల్లారి అదే తోపులోకి పోయి కట్టెలు ఏరుకొచ్చినదాన్ని. చచ్చినవాళ్లకు మనతో ఏం పని ఉంటుంది అనుకునేదాన్ని. ఈ మాట ముందే చెప్తున్నాను. తర్వాత చెప్పేది చదివి, ఈమెకు మొదటినుంచీ ఇట్లాంటి పిచ్చి ఉందేమో అనుకుంటారని భయం.

నేను నాలుగో తరగతి దాకే చదివాను. ఇట్లా రాయడం ఇదే మొదటిసారి. మా శంషాబాద్ వాళ్ల ఫోన్ గ్రూపులో, ఇప్పుడు లేని పాత జాగాల గురించి గుర్తున్నది రాయమన్నారు. ఒకరు ద్రాక్షతోటల గురించి రాశారు. ఇంకొకరు డేరా టాకీసులో నేల మీద కూర్చుని సినిమా చూసిన ముచ్చట రాశారు. రైల్వే గేటు పడితే బస్సు దిగి జామకాయలు కొనుక్కునేవాళ్లమని మరొకరు. అన్నీ మా బిడ్డ చదివి వినిపించింది. పిండి పట్టే గిర్ని గురించి మాత్రం ఎవరూ రాయలేదు. ఊరందరం తిన్న పిండి అక్కడిదే కదా, ఎట్లా మరిచిపోయారు అనిపించింది.

మా ఊరు ఎయిర్‌పోర్టు కింద పోయింది. పొలాలు, ఇళ్లు, గిర్ని అన్నీ పోయాయి. కాలనీలో మాకు జాగాలిచ్చారు, ఇళ్లు మళ్లీ కట్టుకున్నాం. గిర్నిని మాత్రం ఎవరూ మళ్లీ కట్టలేదు. అది ఉన్న చోట ఇప్పుడు పెద్ద గోడ ఉంది. గోడ అవతలికి మనల్ని పోనివ్వరు.

రేకుల షెడ్డులో డీజిల్ ఇంజను, రెండు పెద్ద రాళ్లు, అంతే గిర్ని. పొగగొట్టం కుక్ కుక్ కుక్ మని కొట్టుకుంటుంటే పొలంలో ఉన్నవాళ్లకు కూడా వినిపించేది. ఆ సప్పుడు వినే ఆడవాళ్లం డబ్బాలు ఎత్తుకునేవాళ్లం. నడిపే ఆయన ఖాజా మియా. కనుబొమ్మలు, మీసాలు, చెవుల మీద వెంట్రుకలు అన్నీ పిండితో తెల్లగా ఉండేవి. ఆయన అసలు మీసాలు ఏ రంగో మాకెవరికీ తెలియదు. ఊరు పోయాక పహాడీ షరీఫ్ దగ్గర కొడుకు ఇంటికి వెళ్లాడు. అక్కడే చనిపోయాడని తర్వాత తెలిసింది.

గిర్నిలో ఒక సంగతి ఉండేది. మన ముందు పట్టించుకున్నవాళ్ల పిండి కొంచెం రాళ్లలో మిగిలిపోతుంది. మన గింజలు పోయగానే ముందు అదే వచ్చి మన డబ్బాలో పడుతుంది. అందుకే నా ముందు ఎవరున్నారు, వాళ్లు ఏం తెచ్చారు అని అందరూ తొంగిచూసేవాళ్లు. దాని మీద కొట్లాటలు కూడా అయ్యేవి.

మా అత్త అంజమ్మకు ఎప్పుడూ ఆమె యారాలు సత్తెమ్మ ముందు పడేది. సత్తెమ్మ అంటే మా చిన్నమామ భార్య, నాకు చిన్నత్త. మా అత్తవి జొన్నలు. చిన్నత్తవి తైదలు, అదే రాగులు, ఎప్పుడైనా అవే. మా అత్త పిండిలో ఎర్రటి తైదపిండి కలిసేది, రొట్టె నల్లగా వచ్చేది.

"నీ తైదలు తినలేక సస్తున్ననే సత్తీ! జర ఎనుక నిలబడరాదే," అనేది మా అత్త.

"నా తైదలు తినవట్కే గింత గట్టిగున్నవ్. లేకపోతే ఎప్పుడో పోతుంటివి," అనేది చిన్నత్త.

లైనంతా నవ్వేది. అయినా మళ్లీ వారం ఇద్దరూ కలిసే పోయేవాళ్లు. కాలనీకి వచ్చిన కొన్నాళ్లకే చిన్నత్త కాలం చేసింది. ఆ రోజు నుంచి మా అత్త గిర్ని మాట ఎత్తలేదు.

మొన్న వానాకాలంలో మా అత్తకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ తిండి పోయింది. అన్నం పెడితే తోసేసేది. జొన్నరొట్టె కావాలనేది. ప్యాకెట్ పిండితో చేసిపెడితే ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేది.

"గిది పిండి కాదే పోరీ, సున్నం. గోడకు పూసుకో."

మనిషి ఎండిపోయింది. మోకాళ్ల నొప్పితో స్నానానికి కూడా గోడ పట్టుకునే పోయేది. దవాఖానకు తీసుకుపోతే, ఇట్లాగే తినకపోతే ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గొట్టమెయ్యనియ్యకే బిడ్డా," అంది. ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. ఆ మాటకే నాకు ఎక్కువ భయమైంది.

మా ఆడబిడ్డ చేవెళ్ల నుంచి కొత్త జొన్నలు పంపింది. మార్కెట్ దగ్గర కరెంటు గిర్ని ఉంది, అక్కడ పట్టించుకొద్దామనుకున్నాను. డబ్బా నేనే కడిగి ఎండబెట్టి జొన్నలు పోశాను. మధ్యాహ్నం బయలుదేరుదామంటే కరెంటు పోయింది. సరే వచ్చాక పోదామని ఇంటి వెనక బట్టలు ఉతకడానికి కూర్చున్నాను.

ఉతికి లోపలికి వస్తే మంచం ఖాళీగా ఉంది. డబ్బా కూడా లేదు.

వాడకట్టంతా అడిగాను. ఎవరూ చూడలేదన్నారు. మా ఆయన కొత్తూరులో కంపెనీలో పని చేస్తాడు. ఫోన్ చేస్తే బండి మీద వచ్చాడు. ఆయన హైవే వైపు, నేను ఎయిర్‌పోర్టు గోడ వైపు వెతికాం. బెంగళూరు రోడ్డు మీద లారీలు ఎట్లా పోతాయో మీకు తెలుసు. ఆ లారీల మధ్యన ఆమె ఒక్కతే నడుస్తున్నట్టు కళ్లముందు కనిపించింది. గోడ పొడుగునా నడిచాను. గోడ, దాని మీద ముళ్లతీగ, పైన విమానాలు, ఇంకేమీ లేవు.

ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. మా ఆయన కూడా ఉత్త చేతులతో వచ్చాడు. వాకిట్లో జనం గుమిగూడారు. అప్పుడు గల్లీ చివర మా అత్త కనిపించింది. నెత్తిమీద చుట్టబట్ట, దాని మీద డబ్బా. గోడ పట్టుకోలేదు, కట్టె పట్టుకోలేదు. చేతులు ఊపుకుంటూ వస్తోంది.

"ఏంది, గిట్ల జమైన్రు? ఎవలన్న సచ్చిన్రా?" అంది.

"యాడికి పోయినవ్ అమ్మా? ఎంత పరేషాన్ అయినమో ఎరుకేనా?" అన్నాడు మా ఆయన.

"గిర్నికి."

"ఏ గిర్నికి?"

"ఊళ్లె ఎన్ని గిర్నీలున్నయ్‌రా? మన గిర్నికే. లైను మస్తుండె. మళ్ల నా ముందట సత్తే. తైదలు వట్టిచ్చుకుంది. ఇగ నల్ల రొట్టె తినుండ్రి అందరు."

నేను డబ్బా దించుకున్నాను. చేతికి వేడిగా తగిలింది. మూత తీస్తే పిండి. గిర్నిలోంచి అప్పుడే వచ్చిన పిండి ఎంత వేడిగా ఉంటుందో అంత వేడి, అదే వాసన. మా అత్త కనుబొమ్మల మీద కూడా తెల్లగా పిండి ఉంది.

ముందు నాకు ఆ వింత పట్టలేదు. ఆమె ఆకలవుతోందని అంది, నాకు అదే చాలు. పొయ్యి ముట్టించి రొట్టె చేశాను. ఒకటి తిని ఇంకోటి అడిగింది. రెండోది పచ్చి ఉల్లిగడ్డతో తిని, నీళ్లు తాగి, నిద్రపోయింది. రొట్టెలు తెల్లగానే వచ్చాయి. మా ఆయన నవ్వి, "సూసినవా? తైదల్లేవు, ఏంలేవు. మార్కెట్ గిర్నికి పోయుంటది. ఎవలో బండి మీద ఎక్కిచ్చుకున్నరు," అన్నాడు. మేము వెతికేటప్పుడు మధ్యలో కరెంటు వచ్చి పోయి ఉంటుందిలే అనుకున్నాను, నాకూ ఆ మాట బాగానే అనిపించింది. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

మరునాడు మా ఆయన మార్కెట్ గిర్నికి పోయి, మా అమ్మ వచ్చిందా అని అడిగాడు.

"నిన్న మధ్యాహ్నం సంది చీకటి పడేదాక కరెంటే లేకుండె గద అన్నా. నేను షెటర్ గుంజి ఇంటికి పోయిన," అన్నాడట గిర్ని నడిపే ఆయన.

మా ఆయన ఇంకా రెండు చోట్ల అడిగాడు. అందరిదీ అదే మాట. ఆ మధ్యాహ్నం మా దగ్గర ఏ మిషనూ తిరగలేదు. డీజిల్ ఇంజను గిర్ని ఈ చుట్టుపక్కల ఇప్పుడు లేదు.

మా అత్త మాత్రం రోజూ రొట్టె తిన్నది. ముఖంలో రక్తం వచ్చింది. ఉప్పు ఎక్కువైందని నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు వింటుంటే నాకు పాట విన్నట్టుండేది. డాక్టరమ్మ చూసి, ఇక గొట్టం అవసరం లేదంది.

పిండి పైనుంచి తీసుకుంటూ వచ్చాను. ఒకరోజు అడుగుదాకా చెయ్యి పెట్టి తీస్తే, పిడికిట్లోకి ఎర్రటి పిండి వచ్చింది. డబ్బా వెలుతురుకు వంచి చూశాను. అడుగున అంతా అదే. తైదపిండి. ముందు పడేది అడుగునే కదా ఉంటుంది. అంత చిన్న సంగతి నాకు అన్ని రోజులు తట్టలేదు. మా ఇంట్లో తైదలు లేవు. చిన్నత్త పోయాక మేము ఎప్పుడూ తేలేదు.

భయం వేస్తుందనుకున్నాను, వేయలేదు. ఆ పిండితోనే రొట్టె చేశాను. నల్లగా వచ్చింది. మా అత్త ముందు పెట్టాను. చూసి, విరిచి వాసన చూసి, నోరారా నవ్వింది.

"జెప్పిన గద. గా సత్తి ఎన్నటికి మారదు," అంది.

సగం నాకు పెట్టింది. తిన్నాను. తైదరొట్టె రుచే.

ఆ పిండి ఎక్కడ పట్టించారో, ఎవరు పట్టించారో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయన ఆ మాట వస్తే లేచి బయటికి పోతాడు. నేను మాత్రం డబ్బా కడిగి, మళ్లీ జొన్నలు నింపి, మీద చుట్టబట్ట పెట్టి తలుపు దగ్గర ఉంచాను. మధ్యాహ్నం పూట కరెంటు పోతే ఇప్పుడు నేను గొళ్లెం పెట్టను.