నా వంతు రొయ్యలు

నా చిన్నప్పుడు మా పాలెంలో వలకు పడిన రొయ్యల మీసాలు ఎంత పొడుగుండేవంటే, ఒడ్డుకొచ్చిన పడవను మా నాన్న ఆ మీసాలతోనే గుంజకు కట్టేసేవాడు. ఇదిగో, మొదటి వాక్యంలోనే మొదలుపెట్టేశాను. ముందుగానే ఒప్పుకుంటున్నాను, ఏ సంగతినైనా ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. జానెడుదాన్ని బారెడు చేస్తే గానీ నోటికి తృప్తి ఉండదు. మా ఇంట్లోవాళ్లు నేనేం చెప్పినా సగానికి సగం తీసేసి వింటారు. మీరూ అలాగే చదువుకోండి.

మాది నెల్లూరు జిల్లాలో విడవలూరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న పాలెం. మా నాన్న, చిన్నాన్న ఒకే పడవలో వేటకు పోయేవాళ్లు. వాళ్లు సముద్రాన్ని ఏలితే ఇంటిని మా అవ్వ, అంటే మా నాన్న తల్లి, ఏలేది. ఆమె దృష్టిలో రొయ్య పడని కూర కూరే కాదు. వంకాయలో రొయ్య, సొరకాయలో రొయ్య, గోంగూరలో రొయ్య. పచ్చివి దొరకని రోజుల్లో ఎండు రొయ్యల పొడి. ఏ పదిరోజులకో ఒకసారి వట్టి పప్పు వండితే, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని పక్కింటివాళ్లు పరామర్శకు వచ్చేవాళ్లు. మజ్జిగలో మాత్రం రొయ్య ఎందుకు వెయ్యలేదో నాకిప్పటికీ తెలియదు. నేను చూడనప్పుడు వేసేదేమో.

అలాంటి ఇంట్లో పుట్టిన నాకు రొయ్య పడేది కాదు. పడదన్న సంగతి నాకూ తెలియకపోవడమే అసలు చిక్కు. రోజూ తినే తిండిని ఎవరు అనుమానిస్తారు? అన్నం తిన్న కాసేపటికి నోట్లో ఉప్పునీళ్లు ఊరేవి. కడుపులో ఎవరో కవ్వం పెట్టి చిలుకుతున్నట్టుండేది. ఆ తర్వాత చెవుల్లో హోరు, చేతులు చల్లబడిపోవడం, చివరికి ఇంటి దూలం నెమ్మదిగా ఒక పక్కకు వాలిపోవడం. జన్మలో పడవెక్కని పిల్లవాడికి వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి నడిసముద్రం చూపించిన ఘనత మా అవ్వ పులుసుది. ఒకసారి నేను కళ్లు తిరిగి పడిపోతే, ఆ చప్పుడుకు ఆరేసిన వలల మీది కాకులన్నీ లేచి కావలి దాకా పోయాయని చెబుతుంటాను. కాకులు లేచిన మాట నిజం. కావలి సంగతి వాటినే అడగాలి.

మా అవ్వ దగ్గర దీనికి ఒకే వైద్యం ఉండేది. దిష్టి. "ఎవురి పాడు కండ్లు పడినాయో నా బిడ్డ మింద" అంటూ ఉప్పూ ఎండు మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసేది. ఆ ఘాటుకు దిష్టి సంగతేమో గానీ వాడంతా దగ్గేది. దిష్టి పోయాక పిల్లవాడు నీరసించాడని, బలానికి మళ్లీ రొయ్యల పులుసుతోనే నాలుగు ముద్దలు కలిపి పెట్టేది. ఆ నాలుగు ముద్దలతో మళ్లీ దిష్టి తగిలేది.

మా పిన్నమ్మ, అంటే చిన్నాన్న భార్య, దక్షిణాన ఇంకో పాలెం నుంచి కాపురానికొచ్చిన మనిషి. అప్పటికింకా కొత్త కోడలికిందే లెక్క. మాట చాలా తక్కువ. మాటలన్నీ నేనే వాడేసుకునేవాణ్ణి కాబట్టి ఆమెకు మిగల్లేదని మా అమ్మ అనేది. నాకు ఒంట్లో తేడా వచ్చినప్పుడల్లా, నేను పిలవకముందే, అమ్మ కంటే ముందే, ఆమె చెయ్యి నా నుదుటి మీద ఉండేది.

"లెయ్యబాక. గోడకానుకో. కాళ్లు చాపు," అనేది నెమ్మదిగా. "చెవుల్లో హోరంటాందా? ఇంకాసేపటికి చేతులు చల్లబడతాయి. బయపడబాక, అదే పోతాది. నీళ్లు గటగటా తాగబాక, తడుపుకో నోరు."

ఆమె చెప్పినట్టే, చెప్పిన వరసలోనే అన్నీ జరిగేవి. హోరన్నాక హోరు, చలన్నాక చలి. నా కడుపుకు ఎక్కడో ఒక కిటికీ ఉందని, అది ఆమెకు మాత్రమే కనిపిస్తుందని నేను గట్టిగా నమ్మాను. బట్టలు విప్పుకుని చాలాసార్లు వెతుక్కున్నాను కూడా.

ఒకరోజు పెరట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నిన్నేం తిన్నావు, మొన్నేం తిన్నావు, ఎప్పుడు కళ్లు తిరిగాయి అని ఒక్కొక్కటే అడిగింది. వట్టి పప్పు వండిన రోజున నాకేమీ కాలేదని అప్పుడే నాకూ తట్టింది. "దిష్టీ లేదు, గాలీ లేదు. నీకు రొయ్య పడదురా అబ్బయ్యా," అన్నది. నాకు ఏడుపొచ్చింది. పడవ ఉన్న ఇంట్లో రొయ్య పడదంటే, నువ్వు ఈ ఇంటి బిడ్డవు కాదురా, సంతలో దొరికావు అన్నట్టే ఉంది. పైగా మా ఇంట్లో "పడదు" అనే మాట ఎవరి నోటా వచ్చేది కాదు. దానికి మా అవ్వ పెట్టిన పేరు నాలిక పొగరు. ఆ పేరు ఒకసారి తగిలించుకున్నవాళ్లకు ఊరంతా అదే పేరు.

ఇంతలో కొత్త వేట మొదలయ్యే రోజు దగ్గరపడింది. ఆ రోజు మొదటి వలలో పడిన రొయ్యలను అమ్మరు. పులుసు పెట్టి, గంగమ్మకు చూపించి, ఇంట్లో ఉన్న ప్రతి మనిషీ తినాలి. ఎవరి వంతు వాళ్లకుంటుంది. ఒక్కరు వదిలేసినా ఆ ఏడాది వల ఖాళీగా, తేలిగ్గా పైకొస్తుందని నమ్మకం. అంతకు ముందు సంవత్సరం నేను నా వంతు తినీ తినకముందే అందరి ముందూ కక్కేశాను. ఆ ఏడు వేట సరిగ్గా సాగలేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఖాళీ బుట్టలు ఇంటికి వచ్చినప్పుడల్లా మా అవ్వ ఒకసారి బుట్టనూ ఒకసారి నన్నూ చూసేది, అంతే. ఆ చూపు బరువుకు నేను మూరెడు పొట్టి అయ్యాను. లేకపోతే ఈపాటికి తాటిచెట్టంత ఉండేవాణ్ణి.

ఆ రోజు రానే వచ్చింది. పులుసు వాసన తగలగానే నేను పారిపోయి ఒడ్డున తిరగేసిన పడవ కింద దూరాను. పిన్నమ్మే వెతుక్కుంటూ వచ్చి, వంగి చూసి, "రా. నువ్వు తినబల్లేదు. గమ్మునుండు, నేను మాట్లాడతా," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

అందరం వరసగా కూర్చున్నాం. అవ్వ గరిటె నా పళ్లెం దాకా వచ్చింది.

"వోడికి పెట్టబాకండత్తా," అన్నది పిన్నమ్మ.

"ఏమ్మే?"

"నిరుడు వోడికి జరమొచ్చినప్పుడు గంగమ్మకు మొక్కుకున్నా. పెళ్లయ్యేదాకా రొయ్య ముట్టనియ్యనని. చెప్పేది మరిచిపోయినా."

ఆ మాట వినడానికి సముద్రం కూడా ఒక అల ఆపుకుంది. మా అవ్వ ముఖం మొదట నల్లబడింది, తర్వాత మెల్లగా వెలిగింది. ఏడాదిగా దొరకని కారణం దొరికింది కదా.

"మొక్కి మరిచిపోయినావా? తల్లితో ఆటలంటే ఆటలా? అందుకే గదా నిరుడు వల నిండా నాచే పడినాది!" అని ఊరంతా వినపడేలా కేకలు పెట్టింది. చిన్నాన్న తల వంచుకున్నాడు. పిన్నమ్మ కదల్లేదు. తిట్లన్నీ అయిపోయాక మా అవ్వ గరిటె వైపు చూసుకుంది. "మరి వోడి వంతు? పారేసేదానికి లేదే. మొక్కింది నువ్వు, మరిచింది నువ్వు. నువ్వే తిను."

పిన్నమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. "అట్టాగే అత్తా," అన్నది.

ఆమె పళ్లెంలో ఆమె వంతు, దాని మీద నా వంతు. ఎంత ఉందో నేను పెంచి చెప్పను. నిండుగా ఉంది. ఒక్క రొయ్య కూడా వదలకుండా, ఆగకుండా, నీళ్లు కూడా తాగకుండా తిన్నది. నేను పక్కనే కూర్చుని, జీవితంలో మొదటిసారి కడుపులో కవ్వం లేకుండా, పప్పన్నం సుఖంగా తిన్నాను.

తిన్నాక పెరట్లోకి పోతే ఆమె అక్కడ గోడకానుకుని, కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. చేతిలో చెంబు. ఒక్కొక్క చుక్కగా నోరు తడుపుకుంటోంది. అచ్చంగా నాకు నేర్పినట్టే. నాకు తెగ నవ్వొచ్చింది.

"నన్ను యెక్కిరిస్తాండావా పిన్నమ్మా?"

ఆమె ఒక కన్ను తెరిచింది. "అవును," అన్నది. నేను కూడా ఆమె పక్కన కూలబడి, కళ్లు తేలేసి, ఆమెను వెక్కిరించాను. కాసేపు ఇద్దరం అలాగే కూర్చున్నాం.

ఆ రోజు నుంచి నా మొక్కుకు మా అవ్వే కావలి కాసింది. నాకు వేరే చట్టి, వేరే గరిటె. రొయ్య తగిలిన చేత్తో ఎవరైనా నా పళ్లెం ముట్టుకుంటే పళ్లేన్ని ఇసకతో తోమి, నీళ్లతో తోమి, చివరికి తిట్లతో తోమేది. పెళ్లయ్యేదాకా నాకు మళ్లీ కళ్లు తిరగలేదు. ఏటా కొత్త వేట రోజున మాత్రం నా వంతు పిన్నమ్మ పళ్లెంలో పడేది. ఏటా తిన్న తర్వాత ఆమె పెరట్లోకి పోయేది. మేమిద్దరం ఆడుకునే ఆట అదేనని నేను అనుకునేవాణ్ణి.

పెళ్లితో నా మొక్కుకు గడువు తీరింది. అత్తగారింట్లో కొత్తల్లుడి దర్జా చూపిద్దామని రొయ్యల వేపుడు పళ్లెం నిండా పెట్టించుకుని, తిని, ఆ పళ్లెం మీదే పడ్డాను. నెల్లూరులో ఒక డాక్టరు దగ్గరకు మోసుకుపోయారు. కళ్లు తిరిగేదాకా వచ్చిందంటే ఆటలు కాదని, రొయ్య జోలికి ఇక పోవద్దని ఆయన గట్టిగా చెప్పాడు. నేను ఊరుకోకుండా, ముందు నోట్లో నీళ్లు, తర్వాత హోరు, తర్వాత చేతులు చల్లబడడం అని వరసంతా అప్పజెప్పాను. ఇంత బాగా ఎవరు నేర్పారని అడిగాడు. మా పిన్నమ్మ అన్నాను. "ఆమెకూ పడదా?" అన్నాడు రాసుకుంటూనే.

నవ్వబోయాను. రోజూ అందరి తర్వాత కూర్చుని మజ్జిగన్నంతో సరిపెట్టుకునే పిన్నమ్మ, ఏటా ఆ ఒక్కరోజు పెరట్లో గోడకానుకుని నోరు తడుపుకునే పిన్నమ్మ గుర్తొచ్చింది.

ఒక ఇల్లు ఒక్క మొక్కునే నమ్ముతుంది. అదే రొయ్య మీద ఇంకొకరు కూడా మొక్కుకున్నానంటే అది అబద్ధమని మా అవ్వ పొయ్యి దగ్గర నుంచే పసిగట్టేసేది. ఆ ఒక్క మొక్కునూ పిన్నమ్మ తన కోసం ఎన్నాళ్ల నుంచి దాచుకుందో. తెచ్చి నా పళ్లెంలో వేసింది.

ఆ తర్వాతి కొత్త వేటకు నేను పాలెం పోయాను. పులుసు గరిటె పిన్నమ్మ పళ్లెం మీదికి రాగానే నా చెయ్యి అడ్డం పెట్టాను. "పిన్నమ్మకు రొయ్య పడదు," అన్నాను అందరికీ వినపడేలా. మా అవ్వ ముసలి కళ్లు చికిలించి, "ముందే చెప్పొచ్చు గదమ్మే," అన్నది. పిన్నమ్మ పప్పు కలుపుకుని, మొదటి ముద్ద తిని, నా వైపు చూసి నవ్వింది.

రొయ్య మీసాలూ కావలి కాకులూ నేను పెంచినవి. ఈ ఆఖరి భోజనం మాత్రం పూర్తిగా కల్పించాను. నేను డాక్టరు దగ్గర కూర్చునే నాటికే పిన్నమ్మ లేదు. వేరే జబ్బుతో, నా పెళ్లికి ముందే పోయింది. చివరిసారి ఆమె నా వంతు తిన్నప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. నేను చెప్పిన జోకుకు నేనే నవ్వుకుంటున్నాను.

ఇప్పుడు మా ఇంటికి ఎవరు భోజనానికొచ్చినా, వడ్డించేముందు నేను గరిటె పట్టుకుని నిలబడి, మీకు పడనిదేమైనా ఉందా అని అడుగుతాను. అబ్బే, అన్నీ తింటామండీ అంటారు. మా ఆవిడ విసుక్కుంటుంది. నేను గరిటె దించకుండా, కాస్త నెమ్మదిగా, రెండోసారి అడుగుతాను.