ఈశాన్యం మూల గది

ఈ ఇంట్లో చేరినప్పటి నుంచి ఒక మాటను మోస్తున్నాను. దించుకుందామంటే చోటు దొరకలేదు. మా ఆయనకు సగం తెలుసు. మిగతా సగం ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

బేరమాడటంలో నాకు పేరుండేది. చీరలు కొన్నా, పెళ్లికి బంగారం కొన్నా మావాళ్లు నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు. అది నా గొప్పతనం అనుకునేదాన్ని. చిత్తూరులో సొంత ఇల్లు కొందామని తిరుగుతున్నప్పుడు కూడా మా ఆయన మాటలన్నీ నాకే వదిలేశాడు. ఆయన బస్సు కండక్టరు. రోజంతా చిల్లర కోసం జనంతో గొంతు చించుకునే మనిషి, ఇంటికొచ్చాక ఎవరితోనూ వాదించలేడు.

సరోజమ్మ ఇల్లు చూడగానే ఇద్దరికీ నచ్చింది. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. బావి నీళ్లు తియ్యగా ఉన్నాయి. మా ఆయన ముఖం వెలిగిపోతుంటే, నచ్చినట్టు కనబడితే ధర దిగదని వెనక నుంచి ఆయన చెయ్యి గిల్లాను. ఆయన బ్రోకరుతో కలిసి మిద్దె ఎక్కాడు. నాకు ఒక వంక కావాలి. గోడలు చూశాను, కప్పు చూశాను. ఏమీ దొరకలేదు. చివరికి ఈశాన్యం మూల ఒక చిన్న బాత్రూం కనబడింది. దానికి గడప లేదు. పట్టుకుని నడవడానికి గోడకు ఇనుప కడ్డీ బిగించి ఉంది.

వాస్తు మీద నాకు నమ్మకం లేదు. మా పుట్టింట్లో మరుగుదొడ్డి ఆ మూలనే ఉంది. మా నాయన ముసలితనంలోనూ సైకిలు తొక్కుతాడు.

"ఏందక్కా, ఈశాన్యంలో బాత్రూం కట్టినారు?" అన్నాను.

"ఏమ్మా, కట్టకూడదా?"

"ఇంటి మొగోడికి ఆగదు, పానానికే ముప్పంటారు కదక్కా. మీకెవురూ సెప్పలేదా?"

సరోజమ్మ భర్త గుండెపోటుతో పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ సంగతి తెలియక నోరు జారానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. బ్రోకరు దారిలోనే చెప్పాడు. తెలిసే అన్నాను. ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను.

ఆమె గోడకున్న ఇనుప కడ్డీ మీద చెయ్యి వేసింది.

"ఆయన వద్దనే అన్నాడు. పెరట్లో ఉండేది సాలన్నాడు. మా అత్తకు సూపు ఆనేది లేదు, యాడన్నా పడిపోతాదని నేనే పోరుపెట్టి కట్టిచ్చినా." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "అయితే ఆయన్ను సంపుకునింది నేనేనామ్మా?"

అప్పుడు ఒక్క మాట చాలు. అదంతా ఉత్తిదేనక్కా అంటే చాలు. ఎందుకనలేదు? నోటిదాకా రాలేదా? వచ్చింది. కానీ ఆ ఇంటి మీద ఆమెకున్న ప్రేమ నా కళ్లముందే చచ్చిపోతుంటే, ఇక ధర కూడా దిగుతుందని నేను లోపల్లోపల సంబరపడ్డాను. అలా సంబరపడిన మనిషి నేనేనా అని తర్వాత ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా జవాబు మారలేదు.

"జరిగిపోయింది కదక్కా. దాన్ని పగలగొట్టి ఇంకోపక్క కట్టుకోవాలంటే మాకూ కష్టమే. నువ్వే సూసి తగ్గించు" అన్నాను.

"ఎంతిస్తావో నువ్వే సెప్పమ్మా. నాకీ ఇల్లొద్దు."

నోట పలకడానికే సిగ్గుపడాల్సిన ధర చెప్పాను. ఆమె తలూపింది.

రిజిస్ట్రేషన్ అయ్యాక, ఆ గది పగలగొట్టించడానికి మేస్త్రీని పిలుస్తానన్నాడు మా ఆయన. ధర ఎందుకు దిగిందో నేను చెబితే, ఆ వాస్తు మాట ఆయనా నమ్మేశాడు. అదంతా బేరానికి అన్నానని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత ఏం కొన్నా నన్ను బేరానికి పిలవలేదు. సరోజమ్మ అడిగిన ప్రశ్న మాత్రం ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

కొన్నేళ్లకు తిరుచానూరు గుడి దగ్గర ఆమె కనబడింది. బాగా చిక్కిపోయింది. చంద్రగిరిలో కూతురి దగ్గర ఉంటోందట. మా ఆయన బాగున్నాడా అని ముందుగా అడిగింది. ఆ వెంటనే, ఆ గది పగలగొట్టించారా అని. పగలగొట్టించామన్నాను. ఆమె కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. నా పసుపుకుంకుమలు చల్లగా ఉండాలని ప్రతి శుక్రవారం అమ్మవారికి మొక్కుకుంటోందట. నా కోసం! అక్కడే కాళ్ల మీద పడి చెప్పేయాల్సింది. బస్సుకు వేళయిందని చెప్పి వచ్చేశాను.

ఈమధ్య మా ఆయనకు గుండెకు స్టెంటు వేశారు. ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు నాకు ఉన్నట్టుండి ఆ గది గుర్తొచ్చింది. నమ్మకం లేని నేనే వణికిపోయాను. ఆ వణుకు నాకు కాసేపట్లో పోయింది. సరోజమ్మ ఇన్నేళ్లుగా దాంతోనే బతుకుతోంది.

ఆయన కోలుకోగానే చంద్రగిరి వెళ్లాను. అంతా చెప్పాను. గదిలో తప్పేమీ లేదని, ధర కోసం నేను అల్లిన మాటని, దాన్ని మేం పగలగొట్టనే లేదని.

ఆమెకు కోపం రాలేదు. భయమేసింది.

"పగలగొట్టలేదా? నీ మొగుడు బాగుండాడా?"

బాగున్నాడని వెంటనే అనలేకపోయాను. ఆమెకు అర్థమైపోయింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"నా మనసు నొచ్చుకోకూడదని ఇట్ల సెప్తా ఉండావు. వద్దమ్మా. ముందు ఇంటికి పోయి దాన్ని పడగొట్టిచ్చు. నా మాదిరి కావద్దు."

తిడుతుందని వెళ్లాను. తిట్టించుకుని తేలికపడదామనే వెళ్లానేమో. అదీ దక్కలేదు. ఎంత చెప్పినా, నన్ను మంచిదాన్ననుకుని బస్టాండు దాకా వచ్చి సాగనంపింది. ఇప్పుడు ఆ గదిని పడగొట్టిస్తే నేను చెప్పిందే నిజమని ఆమెకు ఖాయమవుతుంది. ఉంచితే, మా ఆయనకు ఏమవుతుందోనని ఆమె భయపడుతూనే ఉంటుంది. ఏం చెయ్యాలో నాకింకా తోచలేదు.

ఆమె నమ్మలేదు. మీరైనా నమ్మండి. చూపు ఆనని అత్త పడిపోకూడదని కోడలు కట్టించిన గది అది. అందులో ఏ దోషమూ లేదు. దోషం ఉందన్నది నేను, ఇల్లు చవగ్గా రావాలని. ఈ మాట ఇంత సూటిగా రాయడం ఇదే మొదటిసారి. రాశాక కాస్త ఊపిరాడుతోంది.